రేవువీధి గుండెలకు కాపు కాసిన దోమల డాక్టరమ్మగారు

వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూలై నెల మూడవ తేదీ ఉదయం, నది మీద వాన సన్నగా కురుస్తూ ఉండగా, తడిసిన గొడుగును ముడిచి గుమ్మం పక్కన ఆనించి, మన పట్టణ పశువైద్యశాలలో సహాయ వైద్యులుగా బాధ్యతలు స్వీకరించిన మన ప్రియతమ డాక్టరమ్మగారు, మూడున్నర దశాబ్దాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సహోద్యోగులకు వారు మార్గదర్శకులు. ఊరివారికి మాత్రం దోమల డాక్టరమ్మ. ఆ బిరుదు ఎవరు తగిలించారో ఎవరికీ తెలియదు గాని, వారు దానిని ఏ పట్టాకూ తీసిపోని గౌరవంగా స్వీకరించారు.

ఒకప్పుడు ధాన్యపు గిడ్డంగిగా ఉండిన మన భవనం ఎంత పొడవో, ఎంత చెమ్మో ఇక్కడ పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పరీక్షల గది కిటికీ నదివైపు తెరుచుకుంటుంది. ఎండ కాసే ఉదయాల్లో నీటి మీది వెలుగు లోపలికి వచ్చి పైకప్పు మీద వలలు వలలుగా కదులుతుంది. బల్లమీద పడుకోబెట్టిన కుక్కలు ఆ వెలుగును చూస్తూ సూది సంగతి మరిచిపోతాయి. చేరిన రోజు వాన వెలిశాక డాక్టరమ్మగారు కూడా తల పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడిపోయారట. అప్పటి పెద్ద డాక్టరుగారు కంగారు పడి, "ఎక్కడైనా కారుతోందా అమ్మాయీ?" అని అడిగారు. "లేదండీ, ఈదుతోంది," అన్నారు వారు. ఈ అమ్మాయి ఎన్నాళ్ళు నిలుస్తుందోనని పెద్ద డాక్టరుగారికి ఆ క్షణాన అనుమానం కలిగిందని, ఆ అనుమానాన్ని ఆయన తర్వాత సంతోషంగా వెనక్కి తీసుకున్నారని పాతవాళ్ళు చెబుతారు.

తొలి సంవత్సరాలు ఏలికపాములతోను, కొంకిపురుగులతోను, పిడుదులతోను గడిచాయి. పాలు మరవని కుక్కపిల్లలను గంపల్లో పెట్టి తెచ్చేవారు. పొట్టలు డప్పుల్లా ఉబ్బి, కాళ్ళు పుల్లల్లా ఉండేవి. వాటికి నట్టల మందు పట్టించి, తల్లికి కూడా పట్టించాలని చెప్పి, పిల్లలు ఆడుకునే ఇసుకలో కుక్కలను మలవిసర్జన చేయనివ్వకూడదని ఇంటింటికీ విడమరిచి చెప్పడం వారి దినచర్య. కుక్కల మీద పిడుదులకు చల్లే మందును మంచిదే కదా అని పిల్లి మెడమీద కూడా చల్లి, అది వణుకుతూ పడిపోయాక గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చినవారు ఎందరో. "పిల్లి అంటే చిన్న కుక్క కాదమ్మా, దాని లోకం వేరు, దాని మందు వేరు," అని వారు ఒకరిని కూడా కసురుకోకుండా, వణికే పిల్లికి స్నానం చేయిస్తూ చెప్పేవారు.

ఆ రోజుల్లో రేవువీధి కుక్కలన్నీ దగ్గేవి. ఏ ఈడు కుక్కైనా సరే, నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడి కూర్చునేది. "నది గాలి, అమ్మాయీ. ఇక్కడి కుక్కలకు దగ్గు మామూలే," అని పెద్ద డాక్టరుగారు చెప్పేవారు. ఒకనాడు కలప అడితికి కాపలా ఉండే కుక్క దూలాల మధ్య నిద్రపోయినట్టే చనిపోయింది. అడితి యజమాని కళ్ళు తుడుచుకుంటూ, "వయసు కూడా లేదు సార్, ఏమయిందో చూసి చెప్పండి," అన్నాడు. శవపరీక్షలో గుండె కుడిభాగం తెరిచినప్పుడు, నానిన నూలుపోగుల్లాంటి పొడవాటి తెల్లని పురుగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని కనిపించాయి. పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నాళ్ళూ నది గాలి అన్నాను," అని మెల్లగా అన్నారు. "నది మీంచే వచ్చిందండీ. గాలి కాదు, దోమ," అన్నారు డాక్టరమ్మగారు.

అక్కడినుంచి వారి జీవితానికి ఒక దిశ ఏర్పడింది. రోగం ఉన్న కుక్కను కుట్టిన దోమ కంటికి కనబడని పిల్లపురుగులను మోసుకొచ్చి మరో కుక్కలో దింపుతుంది. అవి ఆరునెలలు తొందరేమీ లేనట్టు ఒంట్లో ప్రయాణించి, గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్యనున్న నాళాల్లో స్థిరపడతాయి. దగ్గు మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది. నెలకొకసారి చిన్న మాత్ర వేస్తే మాత్రం ఆ పిల్లపురుగులు దారిలోనే నశిస్తాయి. ఇంత సులువైన సంగతిని జనానికి నచ్చజెప్పడం ఎంత కష్టమో వారు వీధివీధినా తిరిగి తెలుసుకున్నారు.

రేవువీధి మలుపులో దర్జీ అమ్మ మిషన్ ఆపకుండానే అడిగింది. "బాగున్న కుక్కకి మందేమిటండీ? జబ్బు రానివ్వండి, అప్పుడు చూద్దాం."

"వచ్చాక చూద్దామంటే మనకేం కనబడదమ్మా. సద్దు లేకుండా గుండెలో కాపురం పెడుతుంది."

"కాపురమా? అద్దె కూడా ఇవ్వకుండా?"

"అద్దె ఇవ్వకపోగా ఇల్లు కూలుస్తుంది."

దర్జీ అమ్మ నవ్వింది గాని మాత్ర తీసుకోలేదు. ఆ సాయంత్రం డాక్టరమ్మగారు ఇంటికి వెళ్ళి భోజనం ముందు దిగాలుగా కూర్చున్నారు. వారి భర్తగారికి అదే వీధిలో రొట్టెల బట్టీ. పిండి అంటిన చేతులతోనే ఎదురుగా కూర్చుని ఆయన అన్నారట. "నీ మాట వాళ్ళకి నచ్చకపోవడం కాదు, గుర్తుండదు. నెలకోసారి చేసే పని ఎవరికి గుర్తుంటుంది చెప్పు? నాకు మన పెళ్ళిరోజే గుర్తుండదు." ఆ మరుసటి నెల ఒకటో తారీఖున బట్టీనుంచి వచ్చిన ప్రతి రొట్టె మీదా కుక్క పాదం ముద్ర ఉంది. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పారు: "ఇవాళ మాత్ర రోజండీ. మీ వాడికి వేశారా?" రొట్టె కోసే కత్తి పాదం ముద్ర దగ్గర ఆగేది. మాత్ర గుర్తుకొచ్చేది. తొలిసారి మాత్ర వేసేముందు రక్తపరీక్ష తప్పనిసరి గనుక, ఒకటో తారీఖు మన వరండాలో కుక్కలు బారులు తీరడం అలా మొదలైంది. దర్జీ అమ్మ కూడా ఒకనాడు తన గోధుమరంగు కుక్కను చంకనెత్తుకుని వచ్చి, "రొట్టె పెట్టే పోరు పడలేక వచ్చానండీ," అంది.

ఇక మన వైద్యశాలలో ఎవరిని కదిపినా చెప్పే సరంగు కథను ఈ వీడ్కోలు సంచికలో పొందుపరచకపోతే అది పెద్ద లోపమే అవుతుంది. సరంగు రేవు పడవాయన కుక్క. నల్లటి ఒళ్ళు, తెల్లటి ఛాతీ. పడవ ముందు కొనమీద నిలబడి, అవతలి ఒడ్డును తానే చూసి చెప్పాలన్నట్టు మెడ చాచి ప్రయాణం చేసేది. దాని అసలు పేరు ఇంకేదో ఉండేదట. ఆ నిలబడే తీరు చూసి జనమే దాన్ని పడవ నడిపించే సరంగును చేశారు. పడవాయన దానికి మాత్ర వేయించలేదు. "నడినీళ్ళలో గాలి కొడుతుంటే దోమెక్కడ నిలుస్తుందమ్మా," అనేవారు. సంధ్యవేళ పడవ కట్టేశాక అది రేవు మెట్ల కింద చల్లటి నీడలో పడుకునేదని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఒకనాడు ఆయన భార్య ముందు వచ్చింది, వెనకాల ఆయన సరంగును ఎత్తుకుని వచ్చారు. "ఒడ్డు దిగగానే కూలబడ్డాడమ్మా. పది రోజులనుంచీ దగ్గుతున్నాడు, ఈయనేమో నీళ్ళు మింగాడంటున్నాడు," అందామె. రక్తంలో రోగం తేలింది. ఎక్స్‌రేలో గుండె కుడివైపుకు ఉబ్బి కనిపించింది. డాక్టరమ్మగారు దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు.

"మందుంది బాబాయ్ గారూ. ముందు కొన్నాళ్ళు మాత్రలు, తర్వాత నడుం దగ్గర ఒక సూది, నెల ఆగి మళ్ళీ రెండు. పురుగులు చస్తాయి. కానీ చచ్చిన ముక్కలు ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోతాయి. అవి కరిగేదాకా వీడు కదలకూడదు. పరుగు వద్దు, దూకుడు వద్దు, మెట్లెక్కడం కూడా వద్దు. నెలల తరబడి పడుకునే ఉండాలి. గుండె జోరుగా కొట్టుకుందా, వాడు మనకి దక్కడు."

"పడుకోబెట్టడమేనా? అదెంత పని," అన్నారు పడవాయన.

అది ఎంత పనో ఆ మర్నాటికే తెలిసింది. మన వార్డులో మెత్తటి పరుపు వేసి, వెలుతురు తగ్గించి, ఎవరూ గట్టిగా మాట్లాడకుండా కట్టడి చేసినా సరంగు పడుకోలేదు. బోనులో నిలబడే ఉండేది. కాళ్ళు వణికేవి. కళ్ళు మూతలు పడేవి, మళ్ళీ ఉలిక్కిపడి తెరుచుకునేవి. స్టెతస్కోపు పెట్టినప్పుడల్లా గుండె పరుగెడుతూనే ఉండేది. నిద్రమందు ఇచ్చినా లాభం లేకపోయింది. బోను పక్కనే కూర్చున్న పడవాయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. "వాడెప్పుడూ నేలమీద పడుకుని ఎరగడమ్మా. పిల్లప్పటినుంచీ పడవే వాడి ఉయ్యాల. నేల కదలకపోతే ఏదో తప్పు జరిగిపోతోందనుకుంటాడు. మెట్ల కింద పడుకున్నా నీళ్ళకి చెవి ఆనించే పడుకుంటాడు."

డాక్టరమ్మగారు లేచి రేవుకు నడిచి వెళ్ళారు. పడవాయన కట్టేసి వచ్చిన పెద్ద పడవలోకి దిగి, అడుగున పరిచిన చెక్కలమీద కూర్చున్నారు. నీరు పడవను కొద్దిగా ఎత్తి, కొద్దిగా దింపుతోంది. వారు తమ మణికట్టు మీద వేలు ఉంచుకుని తమ నాడి నెమ్మదించేదాకా విన్నారు. తిరిగి వచ్చాక, "సరంగుని పడవలోకి మారుస్తున్నాం," అన్నారు. మనవాళ్ళలో కొందరికి అది బొత్తిగా మింగుడుపడలేదు. "అక్కడ దోమలు కదండీ? ఇంకా కొత్తవి ఎక్కితే?" అన్నారు రక్తపరీక్షలు చూసే ల్యాబు మాస్టారు. "అందుకే ముందు దర్జీ అమ్మ దగ్గరికి వెళ్ళివచ్చాను," అన్నారు వారు.

దర్జీ అమ్మ చేతిలోని పనులన్నీ పక్కన పెట్టి పడవ మొత్తానికి సరిపడే దోమతెర కుట్టింది. పడవను రెండు కొసలా కురచ తాళ్ళతో రేవుకు బిగించారు. సరంగును తెర లోపల పడుకోబెట్టగానే అది ఒకసారి చుట్టూ వాసన చూసి, గడ్డం చెక్కకు ఆనించి, ఆ వచ్చిన నిద్ర ఎన్నాళ్ళ బాకీయో అన్నట్టు నిద్రపోయింది. పడవాయన ఆ వేసవంతా దాని పక్కనే ఉండిపోయారు. ఆయన భార్య చిన్న పడవ తీసుకుని జనాన్ని దాటించింది. తెల్లటి తెర కప్పుకుని నీటిమీద మెల్లగా ఊగే ఆ పడవ పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఎక్కినవాళ్ళందరూ గొంతులు తగ్గించేవారు. పిల్లలు ఊపిరి బిగబట్టుకునేవారు. అవతలి ఒడ్డు చేరాక ఎవరైనా, "నిద్రపోతున్నాడా?" అని అడిగేవారు. "పోతున్నాడు," అని ఆమె చెప్పేది. మొదటి సూది, నెల తర్వాతి సూదులు అన్నీ డాక్టరమ్మగారు ఆ పడవలోనే, మోకాళ్ళమీద కూర్చుని ఇచ్చారు.

చివరి సూది పడిన వారానికి, మధ్యాహ్నం, భయపడినదే జరిగింది. సరంగుకు జ్వరం వచ్చింది, ఊపిరి ఎగపోసింది, దగ్గులో రక్తపు చార కనిపించింది. డాక్టరమ్మగారు ఇవ్వవలసిన మందులన్నీ ఇచ్చి, దాని తలను ఒడిలో పెట్టుకుని, స్టెతస్కోపు ఛాతీ మీదనుంచి తీయకుండా కూర్చున్నారు. ఇక చేయగలిగింది దాన్ని నిమ్మళంగా ఉంచడమొక్కటే. అప్పుడు పడవాయన తెడ్డు చేతిలోకి తీసుకున్నారు. పడవ కట్టేసే ఉంది. తాళ్ళు బిగిసే ఉన్నాయి. అయినా ఆయన తెడ్డును నీటిలో ఉత్తినే ముంచి ఎత్తుతూ, కుక్కతో మాట్లాడడం మొదలుపెట్టారు.

"రేవు వదిలాం రా. ఇదుగో, పాత స్తంభం దాటాం. నీళ్ళు నల్లగా ఉన్నాయి చూడు, ఇక్కడ లోతు. ఇప్పుడు ఇసుకదిబ్బ. కొంగలు లేచిపోయాయి, నువ్వేం లేవకు. వంతెన నీడలోకి వచ్చాం. చల్లగా లేదూ?"

డాక్టరమ్మగారి చెవిలో ఆ గుండె ఒక్కొక్క దెబ్బ తగ్గుతూ వచ్చింది. మాట ఆగితే మళ్ళీ పెరిగేది. వారు తల ఊపి, చెప్పండి, ఆపకండి అన్నట్టు సైగ చేశారు. పడవాయన నదిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చెప్పారు, మళ్ళీ చెప్పారు. అవతలి ఒడ్డు అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు. అక్కడికి చేరబోతున్నామనిపించినప్పుడల్లా, "ఏదో మరిచిపోయాం రా, వెనక్కి తిప్పుదాం," అని మాటల్లోనే పడవను తిప్పేసేవారు. ఎండ తెరమీద పసుపురంగుకు, తర్వాత ఎర్రరంగుకు మారింది. ఎన్నిసార్లు తిప్పారో ఇద్దరికీ తెలియదు. డాక్టరమ్మగారికే ఒక దశలో పడవ నిజంగా కదులుతోందనిపించిందట. చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపించాయట. వెలుగు తగ్గే వేళకు సరంగు ఒళ్ళు చల్లబడి, ఊపిరి సర్దుకుంది. వారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, "ఇక ఒడ్డుకి చేర్చండి బాబాయ్ గారూ," అన్నారు.

పడవాయన తెడ్డును అడ్డంగా పెట్టి, దానిమీద తల ఆనించుకుని, చాలాసేపు ఎత్తలేదు.

సరంగు కోలుకుని మరి ఆరేళ్ళు పడవ కొనమీద నిలబడింది. పడవాయన మనకు జీతం పుచ్చుకోని ప్రచారకర్త అయ్యారు. కుక్కతో పడవెక్కినవాళ్ళను నడినీళ్ళలోకి తీసుకెళ్ళి తెడ్డు ఆపి, "నెల మాత్ర పడిందా?" అని అడిగేవారు. పడలేదన్నవాళ్ళకు అక్కడినుంచి పారిపోయే వీలు ఉండేది కాదు.

రెండువేల పన్నెండులో డాక్టరమ్మగారు పర్యవేక్షకులుగా పదోన్నతి పొందారు. కుర్చీ మారినా బల్ల మారలేదు. ప్రతి ఉదయం పరీక్షల గదిలోనే మొదలుపెట్టారు. గడప దాటని పిల్లికి కూడా దోమ కుడుతుందని, పిల్లి గుండెలో ఒకటి రెండు పురుగులు చేరినా ప్రాణాంతకమని, కుక్కకిచ్చే సూది పిల్లికి పనికిరాదు గనుక నివారణే దిక్కని వారు అలుపెరగక బోధించారు. కొత్తగా చేరిన వైద్యులకు వారు మొదట నేర్పేది తూకం. "చూపుతో బరువు కట్టకండి నాయనా, బొచ్చు మోసం చేస్తుంది," అనేవారు. వారి కుమార్తె మొన్న వీడ్కోలు సభ ఏర్పాట్లకు వచ్చి, "చిన్నప్పుడు మా అమ్మ నన్ను ముద్దు పెట్టుకునే ముందు చెవుల వెనక పిడుదులు వెతికేది. ఇప్పుడు మా ఆయనకీ అదే మర్యాద జరుగుతోంది," అని అందరినీ నవ్వించింది.

కిందటి వానాకాలం చివర జరిగిన ఒక్క సంగతి చెప్పి ఈ వ్యాసాన్ని ముగించడం సముచితం. ఏటా వానలు వెలిశాక రేవువీధి కుక్కలన్నిటికీ రక్తపరీక్ష జరపడం వారు నెలకొల్పిన సంప్రదాయం. ఒకప్పుడు ఆ రక్తపు చుక్కల్లో, ఎర్రకణాలను పక్కకు తోసుకుంటూ, పిల్లపురుగులు సన్నటి తోకలతో ఈదులాడేవి. కిందటేడు చివరి కుక్క రక్తం కూడా చూశాక ల్యాబు మాస్టారు మైక్రోస్కోపు దగ్గరనుంచి లేచి, "ఏమీ లేదమ్మా," అన్నారు.

"ఇందులోనా?"

"ఎందులోనూ లేదు. ఈసారి వీధి వీధంతా ఏమీ లేదు. కిట్ పరీక్షల్లో కూడా ఒక్కదాంట్లోనూ రోగముందనే గీత పడలేదు."

డాక్టరమ్మగారు స్టూలు లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. ఆ గుండ్రటి వెలుగులో ఎర్రకణాలు తప్ప మరేమీ లేవు. అవి తమ దారిన తాము నిదానంగా కదులుతున్నాయి. ల్యాబు మాస్టారు ఎదురుచూశారు. బయట కుక్కలు మొరిగాయి, ఎవరో పిలిచారు, పిలుపు ఆగిపోయింది. వారు కదలలేదు. ఏమీ లేని ఆ చోటును, మనుషులు అపురూపమైనదాన్ని చూసినట్టు, ఒక కన్ను మూసి మరో కంటితో చూస్తూనే ఉండిపోయారు. "ఏం చూస్తున్నారమ్మా ఇంతసేపు?" అని ఆయన అడిగితే, "రానిదాన్ని చూస్తున్నాను మాస్టారూ. ఇన్నేళ్ళుగా చూడాలనుకున్నాను," అన్నారు.

జబ్బు నయం చేసినవారిని లోకం గుర్తుంచుకుంటుంది. జబ్బును రాకుండా ఆపినవారి పని మాత్రం ఆరోగ్యంగా పరుగెత్తే కుక్కల్లోను, కిటికీ అంచున ఎండకు కళ్ళు మూసుకున్న పిల్లుల్లోను కలిసిపోయి, వేరే ఆనవాలు లేకుండా ఉండిపోతుంది. ఆ ఆనవాలు లేనితనానికి సాక్షులమైన మేమందరం వారికి ఈ వేళ శిరసు వంచి నమస్కరిస్తున్నాం. రాబోయే సంవత్సరాలు వారికి నిండైన ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును, భర్తతోను బిడ్డలతోను తీరికగా గడిపే పొద్దులను ప్రసాదించుగాక. ఇంతకాలం ఇతరుల గుండెలు వింటూ వచ్చిన వారికి ఇకపై హడావిడిగా వినవలసినదేదీ లేని ఉదయాలు దొరకాలని, వారి గుండె మాత్రం నిశ్చింతగా, నిదానంగా, చాలా చాలా కాలం కొట్టుకోవాలని మా ఆకాంక్ష.